అమ్మ వేషాల నుంచి సీరియల్ నిర్మాణం దాకా: నా అనుభవం

ముప్పై ఏళ్ళు నిండకముందే తెర మీద నేను అమ్మనయ్యాను. పరిషత్తు నాటకాల్లో కథానాయికగా వేసినదాన్నే అయినా, కెమెరా ముందుకు వచ్చేసరికి వదిన, మేనత్త, పక్కింటి పిన్ని, ఆసుపత్రి నర్సు, సర్పంచి భార్య, ఆ తర్వాత అమ్మ, ఇంకొన్నాళ్ళకు అత్త. అన్నీ ఇష్టపడే చేశాను, ఇప్పటికీ చేస్తున్నాను. అయితే 2016 నుంచి నా ప్రధానమైన పని నిర్మాణం. డైలీ సీరియళ్ళు తీస్తున్నాను. ఈ మార్పు ఎలా జరిగింది, డబ్బు ఎక్కడి నుంచి తెచ్చారు, ఛానెల్ వాళ్ళు ఎలా ఒప్పుకున్నారు అని తోటి ఆర్టిస్టులు, ముఖ్యంగా ఆడవాళ్ళు, అడుగుతూ ఉంటారు. రెండు షాట్ల మధ్య చెప్పగలిగిన సంగతి కాదు కనుక తీరిగ్గా రాస్తున్నాను.

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న ప్రసారాలు మొదలుపెట్టింది. నేను రామంతాపూర్ స్టూడియోలో అడుగుపెట్టేనాటికి అక్కడ నాటకాలకు మంచి రిహార్సళ్ళు జరిగేవి. తర్వాత స్పాన్సర్డ్ సీరియళ్ళ కాలం వచ్చింది. జాతీయ స్థాయిలో 1984లో ‘హమ్ లోగ్’ అనే హిందీ సీరియల్ వేసిన దారి అది. కంపెనీ డబ్బుతో సీరియల్ నడవగలదని అది చూపించింది. ఆ పద్ధతిలో నిర్మాత తన ఖర్చుతో సీరియల్ తీసి, దూరదర్శన్‌కు ప్రసార రుసుం కట్టి, బదులుగా వచ్చిన ప్రకటనల సమయాన్ని ఏజెన్సీలకు అమ్ముకోవాలి. 13 వారాలకు అనుమతి వస్తే గొప్ప. వరండాలో కూర్చుని నిర్మాతలు మాట్లాడుకునే మాటలన్నీ నా చెవిన పడేవి. ఏ సబ్బుల కంపెనీ ఎన్ని సెకన్లు తీసుకుంది, ఏ ఏజెన్సీ చెక్కు ఆలస్యం చేసింది, టేపు ఎప్పుడు అందజేయాలి. హీరో హీరోయిన్లకు ఈ మాటలు వినే తీరిక ఉండదు. చిన్న పాత్రలవాళ్ళకు కావలసినంత ఉంటుంది.

ఆ తీరికే నా చదువు. క్యారెక్టర్ ఆర్టిస్టును తొమ్మిది గంటలకు మేకప్‌తో సిద్ధంగా ఉండమంటారు. మొదటి షాటు మధ్యాహ్నం భోజనాల తర్వాత ఉండవచ్చు, సాయంత్రం ఉండవచ్చు. కొందరు ఆ సమయంలో నిద్రపోతారు, కొందరు పేకాడతారు. నేను ఒక నోటుబుక్కు పెట్టుకుని షూటింగు ఎందుకు ఆగిందో రాసుకునేదాన్ని. ఎవరో చెప్పి చేసిన పని కాదు, నాటకాల రోజుల నుంచి ఉన్న అలవాటు. రాయగా రాయగా తెలిసిందేమిటంటే, నిర్మాత డబ్బు పెద్ద పెద్ద వాటి దగ్గర పోదు. జనరేటర్ చెడిపోవడం, వాన పడటం ఏడాదికి కొన్నిసార్లే. రోజూ పోయేది వేరే చోట.

ఒకసారి పూజగది సీను సగం తీసి ఆపాం. మిగతా సగం తర్వాతి షెడ్యూల్లో తీయాలి. ఆ రోజు రానే వచ్చింది. లైటింగు అయింది, కెమెరా పెట్టారు, కోడలి పాత్ర వేసిన అమ్మాయి హారతి పళ్ళెం ఎత్తింది. అప్పుడు అసిస్టెంట్ డైరెక్టరుకు అనుమానం వచ్చింది, అంతకుముందు ఆ చేతికి ఉన్నవి ఆకుపచ్చ గాజులా, ఎర్ర గాజులా అని. పాత టేపు వెతికారు. ఆకుపచ్చవే. కాస్ట్యూమర్ దగ్గర లేవు. ప్రొడక్షన్ బాయ్‌ని బజారుకు పంపారు, తెచ్చినవి చేతికి ఎక్కలేదు, మళ్ళీ పంపారు. డజను గాజుల కోసం యూనిట్ మొత్తం చేతులు కట్టుకుని నిలబడింది. లైటు అద్దె నడుస్తూనే ఉంది, ఆ రోజు కాల్‌షీటుతో వెళ్ళిపోవలసిన పెద్దాయన పాత్ర సీను మిగిలిపోయింది, దానికోసం ఆయన డేట్లు మళ్ళీ అడగవలసి వచ్చింది. ఇప్పుడు మా సీరియల్లో ఒక్కో పాత్రకు ఒక్కో డబ్బా ఉంటుంది. గాజులు, గొలుసు, వాచీ, బొట్టుబిళ్ళల అట్ట, చెప్పులు అందులోనే. సీను అయిపోగానే ఆర్టిస్టును ఎదురుగా, పక్కగా, చేతులు కనబడేలా ఫోటోలు తీసి, సీను నంబరుతో సహా డబ్బా మూతకు అంటిస్తారు. చాలా చిన్న ఏర్పాటు. నిర్మాణంలో నేను నమ్మేవన్నీ ఇలాంటివే.

1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. 2002లో మా టీవీ, 2005లో జీ తెలుగు. వారానికి ఒకసారి వచ్చే కథ రోజూ రావడం మొదలైంది. మాలాంటివాళ్ళకు చేతినిండా పని దొరికింది. ఒకే ఆర్టిస్టు నెలలో మొదటి పదిహేను రోజులు ఒక సీరియల్‌కు, తక్కిన పదిహేను రోజులు ఇంకో సీరియల్‌కు ఇచ్చే పద్ధతి స్థిరపడింది. ఎవరి డేట్లు ఎప్పుడు ఖాళీయో నా నోటుబుక్కులో ఉండటం వల్ల మేనేజర్లు నన్ను అడగడం మొదలుపెట్టారు. అలా అలా ఒక నిర్మాత, “అమ్మా, మీరు వేషం వేస్తూనే మా ఆఫీసు కూడా చూసుకోండి” అన్నారు. ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్‌గా ఆయన దగ్గర పనిచేసిన కాలంలో బడ్జెట్ వేయడం, లొకేషన్ ఇంటివాళ్ళతో ఒప్పందం రాసుకోవడం, ఎడిటింగ్, డబ్బింగ్, రీరికార్డింగ్ వరసగా తెమిలేలా చూడటం నేర్చుకున్నాను. సొంతంగా తీయాలనుకునేవాళ్ళు ముందు ఈ మెట్టు ఎక్కండి. ఇది లేకుండా నేరుగా డబ్బు పట్టుకుని వచ్చినవాళ్ళు మొదటి ఏడాది దాటడం నేను పెద్దగా చూడలేదు.

సొంత సంస్థ పెడతానంటే ఇంట్లో ఎవరూ వద్దనలేదు. మావారు బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఆయన అడిగింది ఒక్కటే. “ఎంత లాభం వస్తుందో తర్వాత చూద్దాం. ఎంత దాకా పోతే ఆపేస్తావో ఆ అంకె ముందు రాసి సంతకం పెట్టు.” రాశాను. ఆ కాగితం ఇప్పటికీ బీరువాలో ఉంది. ఏళ్ళ తరబడి పరిచయమున్న ఒక కెమెరామన్‌తో కలిసి భాగస్వామ్య సంస్థ రిజిస్టర్ చేయించాను. కెమెరా, లైట్లు, సాంకేతిక సిబ్బంది ఆయన బాధ్యత. కథ, ఆర్టిస్టులు, డబ్బు నావి.

సీరియల్ ఛానెల్‌కు ఇచ్చే దారులు ముఖ్యంగా రెండు. ఒకటి, స్లాటు, అంటే ప్రసార సమయం, కొనుక్కోవడం. ఛానెల్‌కు రుసుం కట్టి, ప్రకటనల సమయం మనమే అమ్ముకోవాలి. సీరియల్ నిలబడితే లాభం మనది, హక్కులూ చాలావరకు మనవే. నిలబడకపోతే ఇల్లు గుల్ల. రెండోది కమిషన్డ్ పద్ధతి. ఎపిసోడ్‌కు ఇంత అని ఛానెల్ ఇస్తుంది, ప్రకటనలతో మనకు సంబంధం లేదు. రాబడి పరిమితం, నష్టమూ పరిమితం. అయితే సీరియల్ వాళ్ళదైపోతుంది. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఒకరు ప్రతిఫలం ఇచ్చి తమ కోసం తీయించుకున్న చిత్రానికి, ఒప్పందంలో వేరే విధంగా రాసుకోకపోతే, వాళ్ళే తొలి హక్కుదారులు. నాకు భరించగలిగిన అంకె ముందే రాసి ఉంది కనుక రెండో దారే ఎంచుకున్నాను. ఆ హక్కుల సంగతి తర్వాత ఎంత ముఖ్యమైందో చివర్లో చెబుతాను.

ఛానెల్‌కు కథ చెప్పడానికి వెళ్ళేటప్పుడు నా చేతిలో మూడు కాగితాల కట్టలు ఉన్నాయి. కథ సారాంశం, మొదటి నెల ఎపిసోడ్ల వన్‌లైన్ (ఒక్కో సీను ఒక్కో వాక్యంలో), పాత్రల వివరాలు. కథ సులభమైనదే. వాటాలు తేలని ఒక పాత ఇల్లు, అందులో ఉండే నాలుగు కుటుంబాలు, ఆ ఇంటిని అమ్మనివ్వకూడదని పట్టుబట్టిన ఒక అమ్మాయి. ఎదురుగా కూర్చున్న, ఛానెల్‌లో సీరియళ్ళు చూసుకునే ఫిక్షన్ బృందంలో అందరూ నా కూతురి వయసువాళ్ళు. వాళ్ళడిగిన ప్రశ్నలు నాకు నచ్చాయి. కథానాయికకు కావలసింది ఏమిటి, అడ్డుపడేది ఎవరు, వందో ఎపిసోడ్‌కు కథ ఎక్కడుంటుంది, ఇంట్లో అందరూ ఒకచోట చేరే సందర్భాలు ఎన్ని. ఇవి నిజంగా అడగవలసిన ప్రశ్నలు.

నా వంతుకు నేను ఒక్కటే కోరాను. ఇంట్లో ఉన్న ప్రతి పాత్రకూ ఒక పేరు, ఒక పని, ఒక కోరిక ఉండాలి, దాన్ని ఎవరూ కొట్టేయకూడదు. నేను వేసిన వేషాల్లో ఎన్నిటికి పేరు లేదో! సీను పేపరు మీద ‘అమ్మ’, ‘పనిమనిషి’, ‘పెద్దావిడ’ అని ఉంటుంది. ఆ పెద్దావిడ ఎక్కడి నుంచి వచ్చింది, రాత్రి ఏం ఆలోచిస్తుంది అని అడిగితే దర్శకుడి దగ్గర కూడా జవాబు ఉండదు. అలాంటప్పుడు నటి ఏం చేస్తుంది? హీరోయిన్ ఏడుస్తుంటే పక్కన నిలబడి కళ్ళు తుడుచుకుంటుంది. వారానికి ఆరు రోజులు, ఏళ్ళ తరబడి సాగే కథను హీరో హీరోయిన్లు ఇద్దరే మోయలేరు. వాళ్ళ సమస్య ఒకటే, అది తీరిపోతే కథ అయిపోతుంది, తీర్చకుండా సాగదీస్తే జనం విసుగెత్తిపోతారు. పక్క పాత్రలకు బతుకు ఉంటే కథకు ఊపిరి ఆడుతుంది. అందుకే మా కథలో వంటమనిషికి మాణిక్యం అని పేరు పెట్టాం. ఆమె కోరిక, బస్సు బోర్డు తనంతట తాను చదవగలగడం. ఎవరినీ అడగకుండా కూతురి ఊరికి వెళ్ళి రావడం. ఫిక్షన్ బృందంలో ఒక అమ్మాయి ఆ పేజీ రెండుసార్లు చదివి, “మేడమ్, ఈ పాత్ర ఎవరు వేస్తారు?” అంది. అప్పటికి నేను ఆ నటిని అడిగి ఉంచాను. సురభి కుటుంబంలో పుట్టి, రంగస్థలం మీదే పెరిగిన మనిషి ఆమె.

ఇక్కడ ఒక అమెరికా నటుడి గురించి చెప్పాలి. షెల్డన్ లెనార్డ్. 1907లో న్యూయార్క్‌లో పుట్టారు. సినిమాల్లో ఎక్కువగా ముఠా మనుషుల వేషాలు. 1946లో వచ్చిన ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’లో బార్‌టెండర్ నిక్ ఆయనే. మనలాంటి క్యారెక్టర్ నటుడు. 1950లలో టెలివిజన్ వైపు వచ్చి, హాస్యనటుడు డానీ థామస్ నాయకుడిగా వచ్చిన కుటుంబ హాస్య ధారావాహికకు దర్శకుడై, నిర్మాతై, ఆ తర్వాత అమెరికా టీవీలో పెద్ద నిర్మాతల్లో ఒకరయ్యారు. 1960 ఫిబ్రవరిలో ఆ ధారావాహికలో ఒక ఎపిసోడ్ వచ్చింది. డానీ కారులో పోతుంటే చిన్న ఊళ్ళో ఒక షెరీఫ్ (ఆ ఊరి పోలీసు అధికారి) ఆపుతాడు. ఆ ఎపిసోడ్‌కు మాత్రమే వచ్చిన ఆ షెరీఫే అదే ఏడాది నుంచి సొంత ధారావాహికకు నాయకుడయ్యాడు. ‘ఆండీ గ్రిఫిత్ షో’ అనే ఆ ధారావాహిక 1968 దాకా నడిచింది. ఇంకో సంగతి. రచయిత, నటుడు కార్ల్ రైనర్ తానే నాయకుడిగా తీసిన ఒక పైలట్‌ను (నమూనా ఎపిసోడ్‌ను) ఎవరూ కొనలేదు. లెనార్డ్ అది చూసి, రాత బాగుంది, నాయకుడి పాత్రకు వేరే నటుడు కావాలని చెప్పి, డిక్ వాన్ డైక్‌ను పెట్టి మళ్ళీ తీయించారు. మొదటి ఏడాది రేటింగులు రాక అది ఆగిపోయే పరిస్థితి వచ్చినప్పుడు స్పాన్సర్ కంపెనీ దగ్గరికి తానే వెళ్ళి ఒప్పించారు. ఏ మాట ఏ నోట పలుకుతుందో పోల్చుకోవడం క్యారెక్టర్ నటుడికి బాగా తెలుసు. జీవితమంతా తనకు సరిపడని మాటలు సరిపెట్టుకుంటూ గడుపుతాడు కదా. ఈ కథ నాకు మా కో-డైరెక్టర్ చెప్పాడు. ఛానెల్ మీటింగుకు వెళ్ళేముందు ఆ షెరీఫ్ సంగతి తలుచుకుని వెళ్ళాను.

అనుమతి వచ్చింది. 2016 నవంబరు మొదటి వారంలో యూసఫ్‌గూడలో అద్దెకు తీసుకున్న ఇంట్లో కొబ్బరికాయ కొట్టాం. 8వ తేదీ రాత్రి ఐదు వందలు, వెయ్యి రూపాయల నోట్లు చెల్లవని ప్రకటన వచ్చింది. మా ప్రొడక్షన్ మేనేజర్ పెట్టెలో ఉన్నవన్నీ ఆ నోట్లే.

సీరియల్ షూటింగు రోజువారీ నగదు మీద నడుస్తుంది. లైట్‌మెన్, ప్రొడక్షన్ సిబ్బంది, జూనియర్ ఆర్టిస్టులు, డ్రైవర్లు సాయంత్రం ప్యాకప్ అయ్యాక బత్తా తీసుకుని ఇంటికి వెళ్తారు. వాళ్ళలో ఎక్కువమంది ఉండే కృష్ణానగర్‌లో ఆ బత్తాతోనే ఆ రాత్రి కూరలు కొంటారు. 9న బ్యాంకులు మూసేశారు, ఏటీఎంలు పనిచేయలేదు. షూటింగు ఆపేద్దామని మా భాగస్వామి అన్నారు. ఆపితే వాళ్ళందరికీ ఉన్న పని కూడా పోతుంది. అందరినీ హాల్లో కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఎవరికి ఎంత బాకీ పడ్డామో రోజూ సాయంత్రం గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి అంటిస్తామని, పక్కన నేను సంతకం పెడతానని చెప్పాను. లొకేషన్ దగ్గరి కిరాణా కొట్టు యజమానితో మాట్లాడి, మా చీటీ తెచ్చినవాళ్ళకు సరుకులు ఇవ్వమని, డబ్బు మేం కడతామని ఒప్పించాను. తర్వాత కరెంటు ఖాతా నుంచి వారానికి 50 వేలు తీసుకునే వెసులుబాటు ఇచ్చారు. మూడు నెలలకు పైగా నడుస్తున్న ఖాతాలకే అది వర్తించింది, అదృష్టవశాత్తు మాది అప్పటికే తెరిచి ఉంది. అయితే చేతికి వచ్చేవి ఎక్కువగా రెండు వేల నోట్లు. ఒక లైట్‌మన్‌కు ఆ నోటు ఇస్తే అతను ఎక్కడ మారుస్తాడు? ఒకే వీధిలో ఉండే నలుగురైదుగురికి కలిపి ఒక నోటు ఇచ్చేవాళ్ళం, వాళ్ళు ఆ వీధి కొట్లోనే సరుకులు తీసుకుని లెక్క సరిచేసుకునేవాళ్ళు.

బ్యాంకు ఖాతా లేనివాళ్ళు ఎంతమంది ఉన్నారో అప్పుడే తెలిసింది. భోజన విరామంలో మావారు వచ్చి కూర్చుని ఒక్కొక్కరి దరఖాస్తు నింపేవారు. తెర మీద మాణిక్యంగా వేసే ఆవిడ ఆయన పక్కన నిలబడి, వేలిముద్ర వేయబోయిన ఒక జూనియర్ ఆర్టిస్టు చేత ఓపికగా సంతకం నేర్పించి పెట్టించింది. ఆ బాకీలన్నీ తీర్చేదాకా నేను నా పారితోషికం ముట్టలేదు. నేను వేషాలు వేసిన సీరియళ్ళలో కొన్ని బాకీలు నాకు ఎన్నటికీ రాలేదు. ఆ ఎదురుచూపు ఎలా ఉంటుందో నాకు తెలుసు, నా సెట్లో అది ఎవరికీ ఉండకూడదు. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను.

ఇక పెట్టుబడి. డైలీ సీరియల్ అంటే నెలకు 26 ఎపిసోడ్లు. ఒక్కోటి దాదాపు 22 నిమిషాలు. రోజుకు ఎపిసోడ్‌న్నర తీసినా నెలలో 17, 18 రోజులు షూటింగు ఉండాలి. ప్రసారం మొదలయ్యేనాటికి కనీసం ఇరవై, పాతిక ఎపిసోడ్లు బ్యాంకింగ్‌లో, అంటే ముందే తీసి నిల్వలో, ఉండాలి. నెల పూర్తయ్యాక బిల్లు పెడతాం. డబ్బు వచ్చేది మరో రెండు మూడు నెలలకు. అంటే మొదటి చెక్కు అందేసరికి వంద ఎపిసోడ్ల దాకా ఖర్చు మన చేతిలోంచి వెళ్ళి ఉంటుంది. ఇది తెలియక ఒక నెల ఖర్చు పెట్టుకుని వచ్చినవాళ్ళు ఫైనాన్సియర్ల వడ్డీలో మునుగుతారు.

పన్నుల సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. మేం మొదలుపెట్టినప్పుడు సేవా పన్ను 15 శాతం. 2017 జులై 1 నుంచి జీఎస్‌టీ 18 శాతం. లక్ష రూపాయల బిల్లు అనుకోండి. దాని మీద 18 వేలు పన్ను. బిల్లు పెట్టిన మరుసటి నెల 20వ తేదీకల్లా ప్రభుత్వానికి కట్టాలి, ఛానెల్ మనకు ఇంకా ఇవ్వకపోయినా సరే. కొన్నవాటి మీద కట్టిన పన్ను తగ్గించుకోవచ్చు గాని, మన ఖర్చులో పెద్ద భాగం ఆర్టిస్టుల, కార్మికుల పారితోషికాలు. వాళ్ళలో ఎక్కువమందికి జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉండదు, కనుక తగ్గించుకునేదీ తక్కువే. ఛానెల్ ఇచ్చేటప్పుడు సంస్థకైతే 2 శాతం టీడీఎస్ (ముందే మినహాయించే ఆదాయపు పన్ను) కోసుకుని ఇస్తుంది. బడ్జెట్ వేసుకునేటప్పుడు ఈ పన్ను డబ్బును వేరే ఖాతాలో పెట్టి, అది మనది కాదనుకోవాలి.

కథలోకి వస్తాను. ప్రసారం మొదలై కొంతకాలం గడిచింది. ఒక ఉదయం కథానాయికకు జ్వరం, లేవలేని స్థితి. ఆ రోజు రాసుకున్న సీన్లన్నీ ఆ అమ్మాయి మీదే. బ్యాంకింగ్ రెండు రోజులకే ఉంది. రచయితకు ఫోను చేస్తే, “ఎవరెవరు ఉన్నారు సెట్లో?” అన్నాడు. బామ్మ, మాణిక్యం, ఏడెనిమిదేళ్ళ పాప. గంటలో సీను చెప్పాడు, అసిస్టెంట్ రాసుకున్నాడు. వంటగదిలో పాప మాణిక్యానికి అక్షరాలు నేర్పుతుంది. అంతే.

సుద్దముక్కతో గచ్చు మీద పాప ‘ఉప్పల్’ అని రాసింది. సీను మొత్తం కనబడేలా తీసే మాస్టర్ షాట్ అయ్యాక మాణిక్యం క్లోజప్ పెట్టారు. ప్రాంప్టింగ్ అక్కర్లేదంది ఆవిడ. ‘ఉ’ అని చదివింది. ‘ప’ దగ్గరికి వచ్చి కిందున్న వత్తును చూసింది. వేలు గచ్చుకు కొంచెం పైన ఆగిపోయింది. పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నట్టు వాసన వచ్చి ఒక్కసారి అటు చూసి, మళ్ళీ వేలి దగ్గరికి వచ్చింది. ఆ చూపు స్క్రిప్టులో లేదు. దర్శకుడు కట్ చెప్పబోతుంటే నేను మానిటర్ దగ్గర నుంచి చెయ్యి ఊపాను. ఆవిడ నెమ్మదిగా వత్తు పలికి, చివరి అక్షరం కలిపి, ఊరి పేరు మొత్తం ఒక్కసారి గట్టిగా అంది. బామ్మ వేసిన పెద్దావిడ రియాక్షన్ షాట్ కోసం మళ్ళీ లైటింగు మార్చవలసిన పని లేకపోయింది. తన చోటునుంచే అందుకుంది. ఆ పెద్దావిడ నాకన్నా ముందు నుంచి నాటకాల్లో ఉంది.

ఛానెల్ నుంచి ఫోను వచ్చింది, హీరోయిన్ లేని ఎపిసోడ్ ఏమిటని. జ్వరం సంగతి చెప్పాను. ఆ వారం రేటింగు పెరగలేదు, తగ్గలేదు. నాకు కావలసింది ఆ తగ్గకపోవడమే. ఆ అంకె చూపించి, వారానికి ఒక సీను పక్క పాత్రలకు రాయించుకునే అనుమతి తీసుకున్నాను. హీరోయిన్ డేట్లు కుదరని రోజుల్లో షూటింగు ఆగడం ఆ తర్వాత లేదు. కథకూ మేలు, లెక్కకూ మేలు.

రేటింగుల గురించి క్లుప్తంగా. టీవీని ఎంతమంది చూశారో కొలిచే బార్క్ సంస్థ అంకెలు 2015 నుంచి వస్తున్నాయి. శనివారం నుంచి శుక్రవారం దాకా ఒక వారం, ఆ అంకెలు తర్వాతి గురువారం. గురువారం వస్తే సెట్లో గాలి మారిపోతుంది. నేను మాత్రం ఆ అంకెను రచయిత, దర్శకుడు, ఎడిటర్‌లకే చెబుతాను. నటులకు చెప్పను. జనం ఎక్కడ లేచి వెళ్ళారో అంకె చెబుతుంది, ఎందుకు వెళ్ళారో చెప్పదు. అది కథ చూసి మనం పట్టుకోవాలి. అంకెలు పడ్డ ఒక కాలంలో మా సీరియల్‌ను మధ్యాహ్నం స్లాటుకు మార్చి, ఎపిసోడ్ ధర కోత పెట్టారు. ధర తగ్గినప్పుడు నిర్మాతలు మొదట కోసేది చిన్న పాత్రలను. మేం లొకేషన్లు తగ్గించాం, మనుషులను తగ్గించలేదు.

పాప విషయంలో నియమాలు ప్రతి నిర్మాతా తెలుసుకోవాలి. 2017లో సవరించిన బాల కార్మిక నిబంధనల ప్రకారం జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. రోజుకు ఐదు గంటలు మించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు మించకూడదు, వరసగా 27 రోజులు దాటి పని చేయించకూడదు. పారితోషికంలో కనీసం 20 శాతం ఆ బిడ్డ పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. మేం వంటగది సీన్లన్నీ ఆదివారాలకు, సెలవులకు పెట్టుకున్నాం. డిపాజిట్ రసీదు ప్రతిసారీ వాళ్ళమ్మ చేతికి ఇచ్చాం. ఇది తలనొప్పి అనుకునేవాళ్ళు పిల్లలున్న కథ ఎత్తుకోకూడదు.

2020 మార్చిలో అన్నీ ఆగిపోయాయి. ఛానెళ్ళు పాత ఎపిసోడ్లు వేసుకున్నాయి. జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం సెట్లో 40 మందికి మించకుండా షూటింగులకు అనుమతి ఇచ్చింది. 65 ఏళ్ళు దాటినవాళ్ళు ఇంట్లోనే ఉండాలన్న సూచన ఉంది. బామ్మ పాత్రను చంపేయమని సలహా ఇచ్చినవాళ్ళు ఉన్నారు. నేను ఒప్పుకోలేదు. బామ్మ తీర్థయాత్రకు వెళ్ళి అక్కడే చిక్కుకుపోయినట్టు రాయించాం. ఆవిడ మనవడు ఇంట్లోనే ఫోనుతో ఆవిడ సీన్లు తీసి పంపేవాడు, మేం వీడియో కాల్‌గా వాడుకునేవాళ్ళం. నెల పారితోషికం ఎప్పటిలాగే ఆవిడ ఖాతాలో పడింది.

వెయ్యి ఎపిసోడ్లు దాటి, 2021లో గుమ్మడికాయ కొట్టాం. ఆఖరి బిల్లు వసూలయ్యాక లెక్క చూస్తే, మావారు రాయించిన అంకె దరిదాపులకు కూడా పోలేదు. మిగిలింది కొంచెమే, మిగిలింది మాత్రం నిజం.

తర్వాత ఏమిటి అన్నప్పుడు నా మనసులో మాణిక్యమే ఉంది. ఆమెను కథానాయికగా పెట్టి, కూతురి ఊళ్ళో చిన్న మెస్సు నడిపే కథ రాయించాను. అయితే ముందు చెప్పిన హక్కుల చిక్కు ఇక్కడ ఎదురైంది. పాత సీరియల్‌తో పాటు ఆ పాత్ర కూడా ఒప్పందం ప్రకారం ఛానెల్‌దే. పేరు మార్చి ఇంకో ఛానెల్‌కు ఇవ్వవచ్చని కొందరన్నారు. ఆ పేరుతో, ఆ వేలితో ఆవిడ నిర్మించుకున్న మనిషిని మార్చడం నాకు ఇష్టం లేకపోయింది. అదే ఛానెల్‌కు వెళ్ళాను. యాభై ఐదు దాటిన నటి నాయికగా డైలీ సీరియలా అని చాలాసేపు చర్చ జరిగింది. నేను వంటగది సీన్లన్నీ కలిపి కట్ చేయించి తీసుకెళ్ళాను. అవి చూశాక చర్చ నాయిక వయసు నుంచి ఎపిసోడ్ ధరకు మారింది. అక్కడ నాకు భయం లేదు. ఈసారి ఒప్పందంలో ఇతర భాషల రీమేక్ హక్కుల్లో మాకు వాటా ఉండేలా, రచయిత పేరు ప్రతి ఎపిసోడ్‌లోనూ పడేలా రాయించుకున్నాను. మధ్యాహ్నం స్లాటు, వంద ఎపిసోడ్లకు అనుమతి. ఆ ధరకు రోజుకు రెండు ఎపిసోడ్లు తీస్తేనే గిట్టుబాటు అవుతుంది. కథంతా ఒకే మెస్సు, ఒకే వీధిలో జరిగేలా స్క్రిప్టు రాయిస్తున్నాం, పాత్రల డబ్బాలు సిద్ధమవుతున్నాయి.